గంటకింతని మాస్టారు

మన విశ్వవిద్యాలయాల కంప్యూటర్ సైన్సు శాఖల్లో ఒక మాస్టారు ఉంటాడు. టైంటేబుల్‌లో ఉంటాడు, ల్యాబులో ఉంటాడు, ఇన్విజిలేషన్ జాబితాలో తప్పకుండా ఉంటాడు. శాఖ వెబ్‌సైటులోని అధ్యాపకుల ఫొటోల్లో మాత్రం ఉండడు. కాగితాల మీద గెస్ట్ ఫ్యాకల్టీ, పార్ట్‌టైమ్, అవర్లీ బేసిస్ అని ఆయనకు నానా పేర్లు. పిల్లలకు మాత్రం ఉత్త ‘సార్’. చేతిలో అబ్జర్వేషన్ బుక్కుల దొంతర, జేబులో సొంత డబ్బుతో కొన్న మార్కర్లు, బ్యాగులో హెచ్‌వోడీ సంతకం కోసం కాచుకున్న క్లెయిమ్ ఫారం. బి.టెక్ మొదటి ఏడాది సి ప్రోగ్రామింగ్ ఆయన ఇలాకా. కోరి తెచ్చుకున్నదేమీ కాదు. మెషిన్ లెర్నింగూ క్లౌడ్ కంప్యూటింగూ రెగ్యులర్ వాళ్లు పంచుకోగా మిగిలింది. ‘ఫస్టియరే కదా, బేసిక్సే కదా’ అన్నది ఏ గొడవా లేకుండా శాఖ మొత్తం ఒప్పుకునే ఏకైక తీర్మానం. ఈ పాత్రలో మేడమ్‌లూ తక్కువేమీ లేరు. వేషం మారుతుంది గానీ క్లెయిమ్ ఫారం మారదు.

ఆయన మీద జోకులకు కొదవ లేదు. నోట్సు చెప్పి రాయిస్తాడని, బోర్డు మీద ప్రోగ్రాము రాసి ‘అవుట్‌పుట్ వస్తుంది, రాసుకోండి’ అంటాడని, మిడ్‌కి ముందు ఇంపార్టెంట్ కొశ్చెన్లు పంచుతాడని, రికార్డులు తెరవకుండానే దిద్దగలడని. ఇవన్నీ నిజమే. అయితే ఇవి ఆయన స్వభావం కావు, ఆయన వేతన సూత్రం. 2019లో యూజీసీ గెస్ట్ ఫ్యాకల్టీకి లెక్చరుకు 1,500 రూపాయలు, నెలకు 50,000 మించకుండా అని నిర్ణయించింది. లెక్క వేస్తే 33 లెక్చర్లకు 49,500 వస్తుంది, 34వ లెక్చరు ధర 500, 35వది పుణ్యానికి. అది గరిష్ఠం. అంతవరకు వెళ్లే అదృష్టం అందరికీ లేదు. పైగా ఆ లెక్కలో పాఠం చెప్పిన గంటే గంట. అరవై మంది ప్రోగ్రాములు చదివిన గంటకు, కారిడార్‌లో డౌటు తీర్చిన గంటకు, రాత్రి పదిన్నరకు ‘సార్, నాది రన్ కావట్లేదు’ అన్న వాట్సాప్ మెసేజ్‌కు ఏ కాలమూ లేదు. ప్రోగ్రామింగ్ అబ్బేదేమో సరిగ్గా ఆ లెక్కలోకి రాని గంటల్లోనే.

ల్యాబులో ఒక్క ప్రోగ్రాము చూస్తే విషయం తేలిపోతుంది. ఇప్పటికీ చాలా చోట్ల 1990ల తొలినాళ్ల టర్బో సి++ నీలి తెరే దిక్కు. పిల్ల ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాము రాస్తుంది. 7 ఇస్తే 5040, భేషుగ్గా వస్తుంది. 8 ఇస్తే మైనస్ 25216. ‘సార్, మైనస్ వచ్చింది!’ ‘ఏడు లోపు ఇవ్వమ్మా’ అంటాడు సార్. నవ్వు వస్తుంది. కానీ ఆ మైనస్‌లో సగం కంప్యూటర్ శాస్త్రం ఉంది. ఆ కంపైలర్ ఒక పూర్ణాంకానికి రెండే బైట్లు ఇస్తుంది. 32767 దాటితే అందులో పట్టదు. 8 ఫ్యాక్టోరియల్ అయిన 40320 పట్టక చుట్టు తిరిగి అవతలి వైపు తేలింది. కొత్త కంపైలర్ వేస్తే తీరుతుందా అంటే, అక్కడ 13 ఇవ్వగానే 622 కోట్ల పైచిలుకు రావలసింది 193 కోట్లే వస్తుంది. మైనస్ కూడా లేదు కనుక ఎవరికీ అనుమానం రాదు. ఇది వివరించాలంటే ఒక పూట కావాలి. సార్ దగ్గర ఉన్నది పావుగంట, ఆపైన మూడు యూనిట్ల సిలబస్. అందుకే ‘ఏడు లోపు’. ఆ సంగతి ఆయనకు తెలియదనుకోవడం పొరపాటు.

బేసిక్సే కదా, ఎవరైనా చెబుతారు అంటారు. అదే నిజమైతే 2001లో మెక్‌క్రాకెన్ అనే పరిశోధకుడి బృందం నాలుగు విశ్వవిద్యాలయాల్లో ప్రోగ్రామింగ్ మొదటి కోర్సు చదివిన 216 మందికి పరీక్ష పెట్టినప్పుడు సగటు 110కి 22.89 మార్కులే ఎందుకు వచ్చాయి? 2007లో బెనెడ్‌సెన్, కాస్పర్‌సెన్ అనే పరిశోధకులు వివిధ దేశాల్లో ఆరా తీస్తే ఈ కోర్సు గట్టెక్కనివారు సుమారు 33 శాతమని తేలింది. 2019లో మళ్లీ చూస్తే 28. పోనీ, కొందరికి ఈ విద్య పుట్టుకతోనే రాదేమో అన్న వాదమూ ఒకటుంది. ముందే వడపోసే పరీక్ష దొరికిందని 2006లో హడావుడి చేసిన వ్యాసానికి రచయితల్లో ఒకరైన రిచర్డ్ బోర్నట్, 2014లో ఆ మాట తానే వెనక్కి తీసుకున్నారు. కాబట్టి కష్టం పిల్లల బుర్రలో లేదు, చెప్పే పనిలో ఉంది.

ఆ పనికి పెట్టుబడి పొరపాట్ల జ్ఞానం. స్కాన్‌ఎఫ్‌లో యాంపర్‌సాండ్ మరిచిపోతే కంపైలర్ అడ్డుకోదు, రన్ చేశాకే కొంప ముంచుతుంది. ఫర్ లైను చివర సెమికోలన్ పడితే లూపు ఉత్తుత్తినే తిరిగి వస్తుంది. i = i + 1 చూసి ఇంటర్ లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్న కుర్రాడు ‘ఇదెలా సమానం?’ అని నిలదీస్తాడు. వాడి ప్రశ్నే కరెక్టు. ఏ పిల్లాడు ఎక్కడ బోర్లా పడతాడో నాలుగైదు బ్యాచ్‌లు చూస్తే గానీ వేళ్ల కొసకు రాదు. మన పద్ధతిలో ఆ నాలుగైదు బ్యాచ్‌లే పడవు. ఈ సెమిస్టరు సి, పై సెమిస్టరు డీబీఎంఎస్, ఆపైన రెన్యువల్ దేవుడెరుగు. క్లాసులు మొదలయ్యాక ఆర్డరు వస్తుంది, ఫలితాలు రాకముందే గడువు తీరుతుంది. తన పిల్లలు ఎక్కడ తప్పారో తెలుసుకునే అవకాశమే లేని ఉపాధ్యాయుడాయన.

యూట్యూబ్ ఉందిగా, ఏఐ ఉందిగా అంటారా? వీడియో బ్రహ్మాండంగా చెబుతుంది గానీ మన తెర వైపు చూడదు. ఏఐ చాలాసార్లు తప్పు లేని ప్రోగ్రామే రాసిస్తుంది. తప్పు చేయనివాడికి ఆ మైనస్ 25216 ఎదురే కాదు, 193 కోట్లను పట్టుకునే చూపూ రాదు. ఇక అందరినీ పర్మనెంట్ చేస్తే బాగా చెబుతారా అన్న ప్రశ్న న్యాయమైనదే. పసుపుపచ్చబడ్డ నోట్సుతో పాతికేళ్లు నెట్టుకొచ్చే రెగ్యులర్లూ లేకపోలేదు. ఉద్యోగ భద్రత మంచి పాఠానికి హామీ కాదు. అది లేకపోతే మాత్రం మంచి పాఠం పోగుపడే చోటే ఉండదు. ముందు చేయవలసింది చిన్న పనే: దిద్దిన గంటలకూ ల్యాబులో పక్కన కూర్చున్న గంటలకూ లెక్చరుతో సమానంగా ధర కట్టడం, కనీసం మూడేళ్లు అదే కోర్సు అదే మనిషికి అప్పగించడం.

సిలబస్‌లోనే ఒక పాఠం ఉంది. ఫంక్షన్‌లో మామూలుగా పెట్టుకున్న వేరియబుల్ ఫంక్షన్ ముగియగానే చెరిగిపోతుంది; విలువ నిలవాలంటే దాన్ని స్టాటిక్ అని ప్రకటించాలి. మాస్టారు దీన్ని ఐదు మార్కుల ప్రశ్నగా చెబుతూనే ఉన్నాడు. నియామకాల ఫైలు చూసేవాళ్లు మాత్రం ఆ పేపరు ఇంకా రాయలేదు.