అరికాలి వృక్షశాస్త్రవేత్త

సిడ్నీ శివార్లలో ప్రతి వీధికీ ఒక వృక్షశాస్త్రవేత్త ఉంటాడు. చదివిన చదువు వేరు, చేసే ఉద్యోగం వేరు. ఈ శాస్త్రం మాత్రం అరికాలితో అభ్యసించాడు. వేసవిలో చెప్పుల్లేకుండా పచ్చిక మీదికి వెళ్లి, ఒంటికాలిపై గెంతుతూ తిరిగొచ్చి “బిండీ!” అని తీర్పు చెబుతాడు. అదే మన తెలుగాయనైతే “పల్లేరండీ, మా ఊళ్లో చూడనిదా!” అంటాడు. ఇద్దరి సిద్ధాంతమూ ఒకటే: గుచ్చుకుంది గనక గుర్తుపట్టేశాను. కానీ ముల్లు ఏం చెప్పగలదు? బిండీ దక్షిణ అమెరికా నుంచి వచ్చిన చామంతి కుటుంబపు మొక్క. నేలకు అంటుకుని, సన్నసన్నగా చీలిన ఆకులతో ఉంటుంది. అలాగే గుచ్చుకునే కాకీ వీడ్ అనే కలుపు కూడా ఆ ఖండానిదే అయినా తోటకూరకు బంధువు. ఆకులు కోలగా, జంటలుగా ఉంటాయి, ముళ్ల గుత్తులు కణుపుల దగ్గర వస్తాయి. పల్లేరుకేమో అయిదు రేకల పసుపు పువ్వు. ఆకుల్లో ఏ పోలికా లేని ఈ మూడూ అరికాలికి మాత్రం ఒక్కటే.

పేరుతో పనేముంది, పీకి పారేస్తే పోదా అని ఆయన వాదన. కానీ ఎప్పుడు పీకాలో, ఎలా పీకాలో ఆ పేరే చెబుతుంది. బిండీ ఏడాది మొక్క. చలికాలంలో, అంటే అక్కడి జూన్, జులైల్లో, కాయ కట్టకముందు చేత్తో లాగినా వచ్చేస్తుంది. ముల్లు గుచ్చుకునే నాటికి గింజ ముదిరిపోయి, మొక్క ఆయుష్షే తీరవస్తుంది. అప్పుడు మందు కొట్టడం దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరగడమే. కాకీ వీడ్‌ది లోతైన తల్లివేరు. పైపైన తుంచితే మళ్లీ చిగురిస్తుంది. ఇక ఆదివారం పూట ఈయన కత్తెర పట్టుకుని ఊరి పక్క అడవిలో కలుపు తీయడానికి బయల్దేరాడంటే మరీ ప్రమాదం. అక్కడ లాంటానాకీ ముళ్లున్నాయి, ఆ నేల మీదే పుట్టిన బర్సేరియాకీ ముళ్లున్నాయి. ఒకటి తోటల అందం కోసం తెస్తే అడవికెక్కిన వలస మొక్క. రెండోదాని ముళ్ల మాటున చిన్న పిట్టలు తలదాచుకుంటాయి. (లాంటానా పొదల్లోనూ దాక్కుంటాయి లెండి, అందుకే తెలిసినవాళ్లు దాన్ని ఒక్కసారిగా నరకరు, కొంచెం కొంచెంగా తీస్తారు.) మన శాస్త్రవేత్త కత్తెరకు అంత ఓపిక లేదు.

ఫోన్లో యాప్ ఉందిగా, ఫొటో పెడితే అదే పేరు చెప్పదా అంటారు. చెబుతుంది, మొక్కను చూపిస్తే. ఈయన పంపేది బొటనవేలితో సహా అరికాలి ఫొటో. ఆకూ పువ్వూ కనబడేలా ఇంకొకటి తీయండి సార్ అంటే, “ఇంకెక్కడి ఆకండీ, నిన్ననే మందు కొట్టేశాగా” అంటాడు.