మీటరున్నర ఎత్తున ఒక టేపు బతుకు

ఈ కొలత టేపు పొడవు 10 మీటర్లు. ఇది ఉండేది లండన్ రిచ్‌మండ్ పార్కులో, జీతం లేకుండా ముసలి చెట్ల వివరాలు రాసే ఇద్దరు వాలంటీర్ల సంచిలో. ఒకరు సున్నా కొసను బెరడుకు అదిమి పట్టుకుంటే, రెండోవారు మాను చుట్టూ తిరిగొస్తారు. నేల నుంచి మీటరున్నర ఎత్తులో చుట్టాలి. నేల వాలుగా ఉంటే ఎగువ వైపు నుంచే ఎత్తు చూడాలి. అక్కడ బొడిపె అడ్డొస్తే, దాని కింద మాను సన్నగా ఉన్నచోట చుట్టి, ఎంత ఎత్తులో కొలిచారో రాయాలి. పాచి తడి ఒంటికి అంటినా ఈ టేపుకు ఇష్టమే.

ఈ పార్కు చుట్టూ 1637లో ఒకటో చార్లెస్ రాజు జింకల వేట కోసం గోడ కట్టించాడు. ఆ గోడకంటే ముందు పుట్టిన ఓక్ చెట్లు ఇంకా చిగురిస్తున్నాయి. వాటిలో చాలావాటికి ఒకప్పుడు మనిషి ఎత్తుకు పైన తల నరికారు, కొత్త కొమ్మలు పశువుల నోటికి అందకుండా. అలా నరికించుకున్నవే ఎక్కువ కాలం బతికాయి!

మొదట్లో తొర్ర కనబడితే ఈ టేపుకు దిగులేసేది. ఆ దిగులు ఇప్పుడు లేదు. చెట్టు ప్రాణం బెరడు దగ్గరి పొరల్లో ఉంటుంది, నడిమి చేవ ఎప్పుడో చచ్చిన కొయ్య. దాన్ని శిలీంధ్రం మెల్లగా తిని గుల్ల చేస్తుంది. ఆ గుల్లలో గబ్బిలాలు తలదాచుకుంటాయి. చెట్టు మొదలు దగ్గర కుళ్లిన కొయ్యను నమలుతూ స్టాగ్ బీటిల్ పిల్లపురుగులు ఏళ్ల తరబడి నేలలోనే పెరుగుతాయి. తొర్రను రోగమనుకుని కొట్టేస్తే, ఇంతమందికి ఇల్లు పోతుంది.

కొలతలన్నీ ఒక జాబితాకు చేరతాయి. 2004లో ఉడ్‌ల్యాండ్ ట్రస్ట్, ట్రీ రిజిస్టర్, ఏన్షియంట్ ట్రీ ఫోరం అనే సంస్థలు కలిసి మొదలుపెట్టిన ఆ జాబితాలో ఇప్పటికి లక్షన్నరకు పైగా చెట్లు నమోదయ్యాయి. చెట్టు వివరాలు ఎవరైనా పంపొచ్చు. శిక్షణ పొందినవారు వెళ్లి సరిచూస్తారు. లింకన్‌షైర్‌లో చుట్టుకొలత 12 మీటర్లు దాటిన బోథార్ప్ ఓక్‌ను చుట్టాలంటే ఈ టేపు చాలదు, ఇంకొకటి జోడించాల్సిందే.

పాత భవంతికి ఉన్నంత చట్ట రక్షణ బ్రిటన్‌లో పాత చెట్టుకు లేదు. అందుకే ఒక్క మానునూ రాయకుండా వదలకూడదని ఈ టేపు పట్టుదల. గాలికి ఒరిగిపోయిన ఓక్‌నూ వదలరు. దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని, వేళ్లతో బెరడంతా వెతుకుతారు. ఒక్క పచ్చని రెమ్మ కనబడితే ఫారంలో రెండు మాటలు రాస్తారు: పడిపోయింది, బతికుంది.