ఊళ్లు కన్న రాజులు

ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్లు ఎగతాళికి అన్నారు. ప్రాచీన గ్రీకులు దాన్నే చరిత్ర రాసే పద్ధతిగా పెట్టుకున్నారు. ఊరు కనబడితే చాలు, దాని పేరుతో ఒక రాజును పుట్టించి, ఆ ఊరు కట్టించింది ఆయనేనని తేల్చేసేవారు.

ఈ విద్యకు బాగా పనికొచ్చిన సంసారి టైర్ నగరపు రాజు అగెనోర్. ఆయన కూతురు యూరోపాను జ్యూస్ దేవుడు ఎద్దు రూపంలో వచ్చి క్రీట్ దీవికి ఎత్తుకుపోయాడు. చెల్లెలు దొరికితే తప్ప గడప తొక్కవద్దని తండ్రి కొడుకుల్ని తరిమాడు. చెల్లెలు ఎవరికీ దొరకలేదు గానీ, దేశాలు మాత్రం తలా ఒకటి దొరికాయి. కిలిక్స్ ఆగినచోటు కిలికియా, వెంట వెళ్లిన థాసోస్ ఆగినచోటు థాసోస్ దీవి, ఫీనిక్స్ ఆగినచోటు ఫినీషియా. తండ్రిగారి టైర్ ఉన్నదే ఫినీషియాలో కదా, ఫీనిక్స్ ఇల్లు కదిలాడా అని అడగకూడదు. ఆ పేరు గ్రీకులు తగిలించింది. అక్కడి జనం తమను టైరువాళ్లమనో, సైడనువాళ్లమనో చెప్పుకునేవారు. పాపం, ఆవు వెంట నడిచి థీబ్స్ కట్టిన మరో కొడుకు కాడ్మస్ పేరు అక్కడి కోటతో ఆగిపోయింది. థీబ్స్ ఉన్న బియోషియా దేశం పేరులో ఘనత ఆవుకే దక్కింది.

కార్తేజ్ సంగతి ఇంకా రుచి. టైర్ నుంచి వలస వెళ్లినవాళ్లు ఆఫ్రికా తీరాన కట్టుకుని, తమ భాషలో 'కొత్త ఊరు' అని పిలుచుకున్న పట్నం అది. టైరును వాళ్లు సోర్ అనేవారు. కార్తేజ్‌కు గ్రీకుల పలుకు కార్ఖెడోన్. క్రీ.శ. 2వ శతాబ్దపు చరిత్రకారుడు అప్పియన్ చెప్పిన స్థాపకుల పేర్లు చూడండి: జోరోస్, కార్ఖెడోన్! పాత ఊరొక పెద్దమనిషి, కొత్త ఊరింకో పెద్దమనిషి. ఇద్దరూ కలిసి ఓడెక్కారన్నమాట. కార్తేజ్ వాళ్లు మాత్రం డైడో రాణి పేరు చెబుతారని కూడా ఆయనే రాశాడు.

నవ్వి ఊరుకుందామంటే, ఈ చుట్టరికాలు యుద్ధాల దాకా పాకాయి. పర్షియన్ల పేరు గ్రీకు వీరుడు పెర్సియస్ కొడుకు పెర్సెస్ నుంచి వచ్చిందట. క్రీ.పూ. 480 నాటి గ్రీసు దండయాత్రకు ముందు పర్షియా చక్రవర్తి జెర్క్సీస్, పెర్సియస్ ఊరైన ఆర్గోస్‌కు దూతను పంపి, 'మనం మనం చుట్టాలం, మీరు కదలకండి' అని చెప్పించాడని గ్రీసులో అనుకునేవారట. రాసింది గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్. చుట్టరికం మాట ఎలా ఉన్నా, ఆర్గోస్ కదలకపోవడం నిజం. పరాయి జనాన్ని తమ ఇంటి మనవళ్లుగా రాసుకున్నవాళ్లకు, ఆ మనవళ్లు వాటా అడగడానికి వస్తారని తట్టలేదు.

యూరప్ దగ్గరికొచ్చేసరికి అదే హెరొడోటస్ పెదవి విరిచాడు. ఆ ఖండానికి పేరు ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదన్నాడు. యూరోపా ఆసియా పిల్ల, గ్రీకులు యూరప్ అంటున్న నేల మీద ఆమె అడుగే పెట్టలేదన్నాడు. వంశవృక్షాలన్నిటికన్నా ఆ 'తెలియదు' విలువైనది. ఊరి పేరు మోసే రాజు ఎక్కడ ఎదురైనా ఒక్క ప్రశ్న వేయండి: ముందు పుట్టింది తమరా, ఊరా?