నెల్లూరుకు దగ్గరి దారి

మా వీధిలో ఎవరు విమానం టికెట్ కొనాలన్నా ముందు మాస్టారి గడప తొక్కాల్సిందే. ఆయన స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఏ బండికి ఏ బండి అందుతుందో చూడడం ఉద్యోగంలో అబ్బిన విద్య. దాన్నే ఇప్పుడు విమానాలకు వాడుతున్నారు.

రాజంపేట నుంచి కువైట్ వెళ్ళే కుర్రాడొకడు హైదరాబాదులో ఎక్కబోతుంటే ఆపి, రేణిగుంట మీదుగా చెన్నై రైలెక్కించారు. హిందూపురంలో ఉండే మా మేనకోడలికి, దేవనహళ్ళి ఎయిర్‌పోర్టు బెంగళూరుకు ఇవతలే ఉందనీ, సిటీలోకి పోయే పనే లేదనీ ఆయన చెప్పేదాకా తెలియదు. చవగ్గా దొరికింది కదా అని ఊరుకోరు. రైలు లేటయితే విమానంవాళ్ళకు పట్టదు కాబట్టి, ఒక బండి తప్పినా తర్వాతి బండిలో చేరుకునేంత వ్యవధి ఉంచుకోమంటారు. విజయవాడ నుంచి ఢిల్లీ మీదుగా ఒకే టికెట్ తీసుకుని, నేరుగా ఢిల్లీలో ఎక్కుతామంటే కుదరదని మరీ మరీ హెచ్చరిస్తారు. మొదటి విమానం ఎక్కకపోతే మిగతా టికెట్టంతా రద్దయిపోతుంది. ఇది తెలియక ఎయిర్‌పోర్టులో ఏడ్చినవాళ్ళు ఉన్నారు. అందుకే ఆయన ఊరికే చేసే ఈ సాయం చాలా గొప్పదంటాను.

మాస్టారి కొడుకు న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఉంటాడు. ఊరికి వచ్చి ఏళ్ళయింది. సంక్రాంతికి రమ్మంటే ప్రతిసారీ ఒకటే జవాబు. "టికెట్లు మండిపోతున్నాయి నాన్నా. పైగా హైదరాబాదులో దిగాక మళ్ళీ రాత్రంతా ప్రయాణం. పిల్లలు తట్టుకోలేరు."

ఆ రెండు చిక్కులూ విప్పడానికి మాస్టారు పెద్ద నోటుబుక్కు ముందేసుకుని కూర్చున్నారు. నేను చూశాను దాన్ని. ఎడమ పేజీ అమెరికాది. ఇంటికి దగ్గరున్న నెవార్క్‌కు బదులు జేఎఫ్‌కేలో ఎక్కాలి. ఎడిసన్‌లో రైలెక్కి న్యూయార్క్ పెన్ స్టేషన్, అక్కడ లాంగ్ ఐలాండ్ రైల్‌రోడ్ బండికి మారి జమైకా, జమైకాలో ఎయిర్‌ట్రైన్. ఆ దేశం మొహం చూడని మనిషి, ఎక్కడ ఏ బండి మారాలో గూడూరు జంక్షన్ గురించి చెప్పినట్టు చెప్పేవారు. కుడి పేజీ మనది. దోహా మీదుగా పొద్దున చెన్నైలో దిగడం, ఎయిర్‌పోర్టులోనే మెట్రో ఎక్కి ఎక్కడా మారకుండా సెంట్రల్, మధ్యాహ్నం పినాకిని ఎక్కితే సాయంత్రానికి ఇల్లు. చెన్నై నుంచి నెల్లూరు దాదాపు 175 కిలోమీటర్లే. పేజీ అడుగున ఎర్ర ఇంకుతో లెక్క: నలుగురికీ రానూపోనూ లక్షకు పైగా మిగులు.

"వాడు చిన్నప్పట్నుంచీ హాస్టళ్ళలోనే పెరిగాడు. మన వైపు బండ్లు వాడికేం తెలుసు? దారి తెలియకే జంకుతున్నాడబ్బయా" అన్నారు నాతో.

ఆదివారం పొద్దున వీడియో కాల్ చేశారు. ఫోను బిందెకు ఆనించి, నోటుబుక్కు తెరిచి, ఎడమ పేజీ అంతా చదివారు. కొడుకు "ఊఁ, ఊఁ" అంటూ విన్నాడు. కుడి పేజీకి వచ్చాక ఆగమన్నాడు.

"అంత లగేజీతో మెట్రోలో ఎక్కడ నాన్నా! పిల్లలు ఇబ్బంది పడతారు. వచ్చే ఏడాది చూద్దాంలే."

ఇంతలో మనవడు వాళ్ళ నాన్న భుజం మీదుగా తల దూర్చాడు.

"చెన్నై మెట్రోనా తాతా? బ్లూ లైనే కదా! అదంటే నాకు భలే ఇష్టం. మొన్న సమ్మర్‌లో మామయ్య వాళ్ళ కొత్త ఫ్లాట్‌లో ఉన్నప్పుడు రోజూ ఎక్కాం."

తెర మీద కొడుకు మొహం పక్కకు తిరిగింది. మాస్టారు మనవడినే చూస్తూ అన్నారు:

"అట్నా కన్నా! అయితే మీ నాన్నకు దారి తెలుసన్నమాట."