ప్యానెలప్ప

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది. కాని ఆదోనిలో పేరు చివర ‘అప్ప’ తగలడానికి ఎంతసేపు? ఈరప్ప, నీలప్ప, బసప్పలున్న వీధి మాది. కొత్తింట్లో పాలు పొంగించిన మూడోనాటికి ఆయన ప్యానెలప్ప అయిపోయాడు. ఆయనొక్కడే అనుకునేరు. ఆదోనిలో లేచే ప్రతి కొత్త కాలనీకీ ఒక ప్యానెలప్ప ఉంటాడు, ఎమ్మిగనూరులో వెతికితే ఇద్దరు దొరుకుతారు. గుర్తుపట్టడం తేలిక. మనం ఇంటికి పోతే "రాప్పా, కూర్చో" అనడు. "రాప్పా, ఇట్ల రా, ఇది చూడు" అంటాడు.

చూడాల్సింది హాల్లో గుమ్మానికి ఎదురుగోడ మీద ఉంటుంది. పదిహేనంగుళాల నల్లగాజు. పాతింట్లో ఆ చోట దండతో ఉన్న తాత ఫోటో ఇప్పుడు మెట్లకింద, ఇన్వర్టరు పక్కన ఉంది. గాజును ముట్టుకుంటే ఇంటి నక్షా వెలుగుతుంది. నక్షాలో గది, గదిలో ఫ్యాను, ఫ్యానులో స్పీడు. ఇవి గాక ‘సీన్లు’: పొద్దుటి సీను, సినిమా సీను, దీపావళి సీను, గుడ్‌నైటు సీను. మొత్తం ఏడు సీన్లు. ఎనిమిదోది ఆయనే.

ఆయన పత్తి వ్యాపారి. ఆ చేతి సంగతి చెప్పకపోతే పాపం. మార్కెట్ యార్డులో కుప్పలోంచి పిడికెడు పత్తి తీసి గింజ వేరుచేసి, పింజను రెండు బొటనవేళ్ళ మధ్య పట్టి లాగుతాడు. పొడవెంతో చెబుతాడు. ఇంకో పిడికెడు అదిమి చూసి తేమ చెబుతాడు. కాటన్ కార్పొరేషన్ వాళ్ళు తేమ 8 నుంచి 12 శాతం దాకానే ఒప్పుకుంటారు, ఆపైన పోతే తీసుకోరు. అందుకని ఆ 12 దగ్గర రైతు గుండె కొట్టుకుంటూ ఉంటుంది. మీటరు గుచ్చేలోపలే మనవాడు "లోపలే ఉండాదిలే పోప్పా" అంటాడు. మీటరు తర్వాత తీరిగ్గా ఒప్పుకుంటుంది. కన్ను మూసుకుని కూడా లోకాన్ని చదవగల చెయ్యి అది. అట్లాంటి చెయ్యి ఏరికోరి తన ఇంటికి తెచ్చుకున్నది, తడిమితే ఏమీ చెప్పని గాజు.

తడిమితే చెప్పకపోవడమే కాదు, తడిచేత్తో తడిమితే అసలు వినదు కూడా. ఈ గాజుకు నొక్కుడుతో పనిలేదు. విద్యుత్తును పోనిచ్చే మన వేలు దగ్గరికొస్తే అద్దం మీది విద్యుత్ క్షేత్రం కొంచెం చెదురుతుంది, ఆ చెదిరిన చోటే వేలున్న చోటని లెక్క. వేలు తడిగా ఉంటే, చెమట చుక్క జారితే లెక్క తప్పుతుంది. నలభై రెండు డిగ్రీల మే నెలలో ఆదోనివాడి వేలు పొడిగా ఉండాలంటే ముందు ఫ్యాను తిరగాలి. ఫ్యాను తిరగాలంటే వేలు పొడిగా ఉండాలి. ఈ చిక్కుముడి ముందు ప్యానెలప్ప టవలుతో నిలబడతాడు. టవలు ప్యానెల్ పక్కన మేకుకే వేలాడుతుంది. గృహప్రవేశం ఫోటోల్లో ఆ మేకు లేదు.

1965లో ఇంగ్లండులో జాన్సన్ అనే ఇంజనీరు వేలితో ముట్టుకునే తెర గురించి రాసినప్పుడు ఆయన మనసులో ఉన్నది విమానాల రాకపోకలు నడిపేవాళ్ళు. ఆకాశంలో విమానాలు తిప్పడానికి పుట్టిన విద్య, ఆదోనిలో సీలింగు ఫ్యాను తిప్పడానికొచ్చి టవలు అడుగుతోంది.

ఇంట్లో మిగతావాళ్ళ కాపురం ఎట్లాగంటారా? అవ్వ, అంటే ఆయన తల్లి, జొన్నరొట్టె తడుతుంటే వంటింట్లో చీకటి పడింది. పిండి చేత్తో అద్దం ముట్టుకోకూడదని కొడుకు ఆర్డరు. ఆమె హాల్లోకొచ్చి మోచేత్తో పొడిచింది. మోచెయ్యీ చర్మమే కదా, గాజు ఒప్పుకుంది. కాని తగిలింది దీపావళి సీనుకు. మేడ మీద సీరియల్ బల్బులు, గేటు దీపాలు, తులసికోట దీపం అన్నీ ఒక్కసారి వెలిగాయి. వంటింటి దీపం ఆ సీన్లో లేదు. అవ్వ సెల్‌ఫోను లైటు ఆటాడబ్బాకు ఆనించి రొట్టెలు చేసింది.

పండక్కొచ్చిన కొత్తల్లుడు రాత్రి బాత్రూముకు పోవాలంటే: హాల్లోకి నడవాలి, ‘రూములు’ తెరవాలి, ‘కింది అంతస్తు’లోకి దిగాలి, మూడు బాత్రూముల్లో తనదేదో తేల్చుకోవాలి. అర్ధరాత్రి కోడలు ఉలిక్కిపడి లేచేసరికి, హాల్లో నీలం వెలుగులో ఎవరో లుంగీతో నిలబడి పరీక్ష రాస్తున్నట్టు గోడ చదువుతున్నారు.

"పడకగదిలో ఫ్యాను ఆపడానికి హాల్లోకి పోవల్లనా?" అని అవ్వ అడిగింది. బెంగళూరు నుంచి ప్యానెలప్ప కొడుకు, ఇదంతా కొనిపెట్టినవాడు, వీడియో కాల్లో విసుక్కున్నాడు: "ఎందుకవ్వా, ఫోన్లో ఆపుకోవచ్చు." అవ్వ కొంచెంసేపు ఆలోచించింది. "ఫోన్లో ఆపుకునేదుంటే, గోడకు అదెందుకు నాయనా?" అంది. సిగ్నల్ సరిగా లేదని కాల్ కట్టయింది.

నేను మాత్రం అంత కఠినంగా మాట్లాడను. మోకాళ్ళ నొప్పులవాడికి మేడమీద మరిచిపోయిన దీపం కిందనుంచి ఆర్పడం మేలే. ట్యాంకు నిండగానే మోటరు తనంతట తాను ఆగడం ఇంకా మేలు. కాని ఆ పనులు చేసేది ఎక్కడో గోడలో, ట్యాంకులో దాక్కున్న చిన్న పెట్టెలు. గాజు చేసే పని గాజుగా ఉండడం. ఐరోపాలో కార్లకు భద్రతా నక్షత్రాలిచ్చే సంస్థ ఉంది. ఇండికేటరు, హారను, వైపరు లాంటివాటికి చేతికి తగిలే మీటలు ఉండాల్సిందే, లేకపోతే నక్షత్రాలు తగ్గిస్తామని 2026 నుంచి అంటోంది. ఈ ముక్క ప్యానెలప్పకు చెప్పాను. "అది కార్లకప్పా, ఇండ్లకు కాదు" అన్నాడు.

బల్లి గొడవ వేరే. రాత్రిళ్ళు ఆ వెలుగుకు పురుగులు చేరతాయి, పురుగుల కోసం బల్లి. ఒకరోజు తెల్లవారుజామున ‘సినిమా సీను’ వచ్చి హాల్లో పరదాలన్నీ మూసుకున్నాయి. దయ్యమని కోడలు, వైరసని కొడుకు, బల్లని అవ్వ. నేను అవ్వ పక్షం. 2018లో హవాయిలో సీల్ అనే సముద్ర జంతువులకు వైద్యం చేసే ఆసుపత్రిలో ఒక బల్లి టచ్ ఫోను మీద నడుస్తూ లిస్టులో ఉన్నవాళ్ళకు వరసబెట్టి కాల్స్ చేసింది. దాని పాదం మన వేలికేం తీసిపోదు. అవ్వ పంచాంగం తెప్పించి బల్లి శాస్త్రం తీయించింది. నెత్తిమీద పడితే ఫలం ఉంది, భుజమ్మీద పడితే ఉంది, సినిమా సీను మీద పడితే లేదు.

అసలు పరీక్ష వియ్యంకుడు వచ్చిన రోజు. ఎమ్మిగనూరాయన. మాచాని సోమప్ప 1938లో పెట్టిన చేనేత సొసైటీలో వాళ్ళ నాయన నేసినవాడు. ఉగ్గాని, బజ్జీ ముగించి, ఏడు సీన్లూ ఓపిగ్గా చూశాడు. చూసి, మెల్లగా అన్నాడు: "బాగుంది బావా. కానీ మా గుంటమగ్గంలో కూచున్నోడు కాలికింద చెక్క చూసుకుంటే బట్ట చెడుతుంది. నాడెను చెయ్యే చూసుకుంటాది, చెక్కను కాలే చూసుకుంటాది. కండ్లు పోగుమీదనే. మీ ఇంట్లో ఫ్యానుకు కూడా కండ్లు పెట్టాల్నే."

ప్యానెలప్ప జవాబు చెప్పేలోపు కరెంటు పోయింది. ఇన్వర్టరుంది గాని, కరెంటు పోవడానికీ ఇన్వర్టరు అందుకోవడానికీ నడుమ ఒక రెప్పపాటుంది. ఆ రెప్పపాటులో ప్యానెల్ మూర్ఛపోతుంది. లేచేదాకా దీపాలు ఆరినవి ఆరినట్టే. గాజుమీద కంపెనీ బొమ్మ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. ఎదురింట్లో ట్యూబులైటు అప్పుడే వెలిగింది. "ఊరికంతా ఇన్వర్టరుండాది, మనకు బొమ్మ ఉండాది" అంది చీకట్లోంచి అవ్వ.

ఎవరో లేచిన చప్పుడు. చెప్పులు రెండడుగులు, పరదా కదలిక. ‘టక్’ మని ఒక శబ్దం. పాతకాలపు, గుండ్రటి, నల్లమీట శబ్దం. హాల్లో ఒక్క బల్బు పసుప్పచ్చగా వెలిగింది. కంపెనీ బొమ్మ ఇంకా తిరుగుతూనే ఉంది.

ప్యానెలప్ప కిటికీ పరదా పక్కన, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"చూస్తివా బావా," అన్నాడు, "ఎంత స్పీడో!"