వెనుక పుటలోని ‘వలదు’

ముప్పదిరెండేండ్లపాటు తెలుగు పండితుడనై, పిల్లలకు సంధులును సమాసములును బోధించి, అవి వారికి అంటకపోయినను నన్ను మాత్రము వదలకుండ పట్టుకొనుటచేత, ఉద్యోగవిరమణము చేసిన పిమ్మట నేనొక చిన్న మాటను చిన్నగా చెప్పలేని దురవస్థకు లోనైతిని. పప్పులో ఉప్పు తక్కువైనదని చెప్పదలచితినేని, పప్పు యొక్క ప్రాశస్త్యముతో నారంభించి, కందిపంటకు మా పల్నాటి నేల యెంత యనుకూలమో వివరించి, షడ్రుచులలో లవణము యొక్క స్థానమును నిర్ణయించి, అటుపిమ్మట గాని ప్రకృతమునకు రాజాలను; ఈలోపల మా యింటిది ఉప్పుడబ్బా తెచ్చి కంచము ప్రక్కన ఠపీమని పెట్టి పోవును. తెలుగు వాక్యమున క్రియ తుదిని వచ్చుననియు, ఔనో కాదో తేల్చు నిర్ణయము ఆ క్రియ యొక్క తోకలో నుండుననియు తరగతిలో వేయిసార్లు చెప్పినవాడనే గాని, ఆ తోకదాక ఎవ్వరును వేచియుండరని నాకు తెలిసినది మొన్న మొన్ననే. అదియు నొక రాత్రి హోటలు మూలమున.

మాది పల్నాడు జిల్లా రాజుపాలెము. ఈ పేరుగల యూళ్ళు తెలుగునాట ఇంకను గలవు గనుక, సత్తెనపల్లికిని పిడుగురాళ్ళకును నడుమ బాటమీద నున్నదియే మాదియని చెప్పుట క్షేమము. పేరేచర్లనుండి కొండమోడు వఱకు సుమారు 50 కిలోమీటర్లు సాగు ఈ బాటను నాలుగు వరుసలుగా విస్తరింప తలపెట్టిరి గాని, రాత్రివేళ దీనిని చూచినవారు నాలుగు వరుసలు చాలునా యని సందేహింతురు: పిడుగురాళ్ళ సున్నమును మోసికొని పోవు లారీలు కొన్ని, దాచేపల్లి వైపునుండి సిమెంటు తెచ్చునవి కొన్ని, కోతలు కాగానే గుంటూరు యార్డునకు మిర్చి టిక్కీలతో బయలుదేఱునవి కొన్ని. పగలు మా యూరిది, రాత్రి వారిది అన్నట్లుగా ఆ బాట ఇన్నాళ్ళును ఉభయులకు పంపకమై యుండెను.

మా యింటి కెదురుగా నా పూర్వశిష్యుడొకడు, సవర్ణదీర్ఘసంధికిని గుణసంధికిని భేదము తెలియకయే పదవ తరగతి గట్టెక్కిన బుద్ధిమంతుడు, పగటిపూట ఇడ్లీలును పెసరట్లును అమ్ముచుండెను. వాడొకనాటి సాయంకాలము చేతులు తుడుచుకొనుచు మా వరండాలోనికి వచ్చి, “మాస్టారూ, రాత్రి రెండింటిదాకా తెరుద్దామనుకుంటన్నా. లారీలోళ్ళు ఒకటే అడుగుతున్నారు. పర్మిషన్‌కి అర్జీ పెట్టా. చుట్టుపక్కలోళ్ళని కూడా అడుగుతారంట. మీరో మాట రాయండి,” అనెను. వ్రాయుదునంటిని. ఏ మాట వ్రాయుదునో వాడడుగలేదు, నేను చెప్పలేదు.

హోటలుమీద నాకు ద్వేషము లేదు. నా ద్వేషమంతయు గరిటెమీదనే. ఎగ్ ఫ్రైడ్ రైసు అను పదార్థమును చేయువాడు దానిని వండుటకంటె వాయించుటయందే యెక్కువ శ్రద్ధ వహించును. క్రింద పొయ్యి బుస్సుమని మండుచుండగా, ఎడమచేత ఇనుప మూకుడును ఎగురవేయుచు, కుడిచేతి గరిటెతో దాని యంచును మూడుసార్లు మోదును. అన్నమును ఒకసారి తిరుగవేయును. మరల మూడుసార్లు మోదును. ఆ మూడు దెబ్బలును అన్నముకొఱకు కావు, బాటను పోవువారి కొఱకు. ఆకలిగొన్నవానికవి పెండ్లిబాజాలు, అరువదియైదేండ్లు దాటి, రాత్రి తొమ్మిదింటికి పడుకొని పదింటికి గాని కన్ను మూతపడనివానికి మాత్రము అవి నేరుగా కణతలమీదనే పడును.

కావున నేను చట్టములను చదువ మొదలిడితిని. రాత్రియనగా పదింటినుండి ఉదయము ఆరింటి వఱకనియు, నివాసప్రాంతమున ఆ వేళ శబ్దము 45 డెసిబెళ్ళను మించరాదనియు 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలు చెప్పుచున్నవి. ఆ 45 అనగా నెంతయో తేల్చుకొనవలెనని మనుమడు నా ఫోనులో దించి యిచ్చిన కొలమానము నొకదానిని వరండాలో పెట్టుకొని, హోటలు లేని రాత్రి మా వీధి యెంత నిశ్శబ్దముగా నుండునో నిరూపించుటకు కాపుగాచితిని. తెల్లవాఱి చూడగా, పండ్రెండున్నరకు 60 దాటిన మోత యొకటి నమోదైనది. ఆ వేళ లారీ లేదు, కుక్క లేదు. వరండాలో నిద్రపోయినవాడను నేనొక్కడనే. ఆ సాక్ష్యమును అర్జీకి జతపఱుపక విడిచితిని.

శబ్దము విడిచి కాలమును పట్టితిని. 1947లో మద్రాసు ప్రభుత్వము చేసిన దుకాణముల చట్టము అప్పుడు మా గుంటూరు సీమకును వర్తించెను గదా. అంగళ్ళు మూయవలసిన వేళను ప్రభుత్వము నిర్ణయించుననియు, ఆ వేళ దాటి తెఱచియుంచరాదనియు గంభీరముగ శాసించి, అంతటితో ఊరకుండక, మూయువేళకు వడ్డన కొఱకు వేచియున్న వానికి ఆ పిమ్మట పావుగంట వఱకు వడ్డింపవచ్చునని ఒక మినహాయింపును తుదిని తగిలించిరి. పెనముమీద సగము కాలిన అట్టు గతి యేమగునని ఆలోచించిన ఆ శాసనకర్త యెవ్వడో, ఒకప్పుడు రాత్రివేళ మూసిన తలుపు ముందు నిలిచి ఆకలి నెఱిగినవాడై యుండవలెను. తరువాత 1966లో నొకటి, 1988లో నొకటి చట్టములు మనకు వచ్చినవి. తెలంగాణమువారు 2023 ఏప్రిలులో, ఏటికి 10,000 రూపాయల రుసుము కట్టిన దుకాణములు రేయింబవళ్ళు తెఱచియుండవచ్చునని ఉత్తరువు నిచ్చిరి; ఇటు విశాఖలో, పాత జైలురోడ్డుమీద రాత్రియగుటయే తడవుగా జనముతో క్రిక్కిఱిసిపోవు ఫుడ్ కోర్టును 2025లో నగరపాలకులు తొలగించిరి. ఒకచోట తెఱచుటయు నొకచోట మూయుటయు చట్టబద్ధమే. పురపాలక సంఘములలో హోటలునకిచ్చు లైసెన్సును గుమాస్తాలు ‘డీ అండ్ ఓ’ యందురు. ఆ రెండక్షరములను విప్పి చూడగా, అపాయకరములును దుస్సహములును అగు వృత్తులకిచ్చు అనుమతి యని తేలినది. ఆవిరిమీద ఉడికిన ఇడ్లీ నింత మాట యనుటకు మనసొప్పుకొన్న దెవరికో!

ఈస్ట్ హామున నుండు మా మేనల్లుడు ఫోనులో చెప్పిన సంగతి మఱియు విచిత్రము. ఇంగ్లండున 2003 నాటి చట్టము ప్రకారము రాత్రి పదకొండు మొదలు తెల్లవాఱుజామున ఐదింటి వఱకు వేడి ఆహారమునో వేడి పానీయమునో అమ్మువానికి ప్రత్యేకముగ లైసెన్సు కావలెనట. అర్జీ సంగతిని లేత నీలిరంగు కాగితముమీద అచ్చువేసి అంగడి ముందు 28 దినములు అంటించి యుంచవలెను. చూచిన ఇరుగుపొరుగువారు అభ్యంతరము తెలుపవచ్చును. చల్లని పదార్థమునకు మాత్రము ఈ బాధ లేదు. అనగా నర్ధరాత్రివేళ లండను నగరమున చద్దన్నము, గడ్డపెరుగు, ఆవకాయ అమ్మువానిని ఏ అధికారియు ప్రశ్నింపడు; వాడే పొరపాటున కాఫీ కాచెనా, వ్యవహారము విచారణకు వచ్చును. “మామయ్యా, ఇడ్లీ చల్లారాక అమ్మితే సరి,” అని వాడు నవ్వెను. చల్లారిన ఇడ్లీ తినవలసిన వాని గతియేమని నేనడుగుటకు పూర్వమే ఫోను పెట్టివేసెను.

తిండి సంగతి పల్నాటికి క్రొత్త తగవు కాదు. శ్రీనాథ మహాకవి ఈ సీమకు వచ్చి, ఎటు చూచినను జొన్నకూడే కనబడగా, సన్నబియ్యపు నాలుకకు కలిగిన కష్టమును చాటుపద్యములలో వెళ్ళబోసికొనెనని చెప్పుదురు. ఈ ప్రాంతపు భోజనముమీద దాఖలైన తొలి ఫిర్యాదు అదియే కావలెను. అంతకు రెండు శతాబ్దములకు పూర్వమే బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టి, కులమడుగక అందఱిని ఒక్క బంతిని కూర్చుండబెట్టెను. నేటికిని కారంపూడిలో వీరుల తిరునాళ్ళలో చాపకూడు వడ్డింతురు. ఆ యుత్సవము రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు దినములు జరుగును. మా ప్రాంతమున ఏ తగవైనను ఈ వరుసలోనే నడచును గనుక, నా వంతునకు రాయబారము వచ్చినదని తలంచి, కలము పట్టితిని.

శాస్త్రము చదివినవాడు ఎదిరి వాదమును ముందుగా తానే నిలిపి, దానికి బలముకూర్చి, పిమ్మట ఖండించును. పూర్వపక్షము ఎంత బలముగా నుండిన సిద్ధాంతము అంత శోభించును. ఆ పద్ధతిననుసరించి నేను వ్రాసిన ఏకవాక్యవిజ్ఞప్తి యిది:

“పగలెల్ల సున్నపు బట్టీయొద్ద ఒడలు తెల్లనగునట్లు పనిచేసిన కూలివాడును, తెల్లవాఱుసరికి యార్డులో వరుస దొరకవలెనని మిర్చి టిక్కీలమీదనే కూర్చుండి పోవు రైతును, నొప్పులుపడు కూతును వెంటబెట్టుకొని మాచర్ల వైపునుండి పెద్దాసుపత్రికి పోవు తల్లియు, నడిరేయి ఒక గ్రుక్కెడు వేడి టీ కొఱకు వెదకికొనుట సహజమే యనియు, ఆ వేళ సన్నగా తఱిగిన అల్లము, పచ్చిమిరప, ఉల్లిపాయలతో పెనముమీద అంచులెఱ్ఱబడుచున్న పెసరట్టు యొక్క పరిమళము బాటకడ్డముగా నిలిచి, డ్రైవరుచేత బ్రేకు తొక్కింపక మానదనియు, ఈ కుఱ్ఱవాడు శుచియు, అణకువయు, అవసరమెఱిగి అప్పు పెట్టు గుణమును గలవాడనియు నేను సంపూర్ణముగ నెఱిగినవాడను”

ఇంతటితో ముందు పుట నిండినది. క్రింద కుడిమూల ‘పుట త్రిప్పి చూడుడు’ అని వ్రాసి, త్రిప్పి, వెనుక పుట మొదట,

“అయినప్పటికిని, ఎదుటి యిండ్లలో నిద్రయను వస్తువొకటి గలదు గనుక, రాత్రి పదింటి పిమ్మట ఈ హోటలునకు అనుమతి వలదు”

అని ముగించి, సంతకము చేసితిని.

విచారణ జరిగిన కార్యాలయము పేరు చెప్పను. తప్పు దానిది కాదు, నా వాక్యనిర్మాణముది. పదునైదుగురము చేరితిమి. రాత్రి తాగుబోతులు చేరుదురని ఒకరు, ఆడవాండ్లు బస్సు దిగి నడచివచ్చువేళ దీపమున్న కొట్టు మంచిదని ఒకరు, ఎంగిలి ఆకులు ఎవరి కాలువలో పడునో ముందు తేల్చుమని ఒకరు వాదించిరి. అన్నియు విని, అధికారిణి నా కాగితము నందుకొని, “మాస్టారుగారు రాసింది అందరూ వినండి,” అని పైకి చదువ నారంభించెను. చక్కని కంఠము, విరామముల వద్ద ఆగుట తెలిసిన చదువు. కూతును వెంటబెట్టుకొన్న తల్లియొద్దకు వచ్చుసరికి వెనుక బల్లమీది ముసలమ్మ కొంగుతో కన్నులద్దుకొనెను. అల్లము పచ్చిమిరపల యొద్ద ఎవ్వరో గుటక మింగిరి. “సంపూర్ణముగ నెఱిగినవాడను” అని ఆమె ముగింపుస్వరమున చదివి యూపిరి తీసికొనుటయు, హోటలు కుఱ్ఱవాడు అందఱికిని టీలు తెచ్చి పంచుచు మొదటి గ్లాసును ఆమె ముందు పెట్టుటయు ఏకకాలమున జరిగెను. గ్లాసు సరిగా కాగితపు కుడిమూలను, ‘పుట త్రిప్పి చూడుడు’ అను నక్షరములమీద కూర్చుండెను.

చప్పట్లు మ్రోగెను. నేను లేచి, “అమ్మా, విజ్ఞప్తియందలి పూర్వభాగమును మాత్రమే పరిగ్రహించి, ఉత్తరభాగమున గల…” అని యెత్తుకొంటిని. “కూర్చోండి మాస్టారూ, ఇంతకంటే ఇంకేం చెప్తారు!” అని ఆమె చేతులు జోడించెను. నా శిష్యుడు వచ్చి అందఱి యెదుట పాదములంటెను. వెనుక పుటను జేబులో నున్న అపరాధమువలె తలంచుకొనుచు ఇల్లు చేరితిని.

ఒంటిగంట వఱకు అనుమతి వచ్చెను, షరతులతో: మైకు పెట్టరాదు, లారీలను ఇండ్ల గేట్లకడ్డముగ నిలుపరాదు, గరిటెతో మూకుడు కొట్టరాదు. ఈ మూడవ షరతు ఎవరిదో నాకు తెలియదు. నా నిట్టూర్పు వినిన దేవతది కావచ్చును.

తొలిరాత్రి పండ్రెండు ముప్పావునకు మెలకువ వచ్చినది. చెవియొగ్గి వింటిని; ఏ మోతయు లేదు. మెలకువకు కారణము చెవి కాదు, ముక్కని కొంతసేపటికి గాని తెలియలేదు. శబ్దమునకు డెసిబెళ్ళు గలవు గాని పెసరట్టు వాసనను కొలిచి యింతకు మించరాదని ఏ నిబంధనయు చెప్పలేదు. కండువా వేసికొని బాట దాటితిని. సున్నపు లారీ డ్రైవరొకడు కనుబొమలు గూడ తెల్లనై బల్లమీద తినుచుండెను. ప్రక్కన నన్ను కూర్చుండబెట్టిరి.

“మీ మాటవల్లే ఇదంతా, మాస్టారూ,” అనెను నా శిష్యుడు. సత్యము చెప్పివేయవలెనని నిశ్చయించుకొని, “ఓయీ, నీవు నన్ను కృతజ్ఞతాపూర్వకముగ చూచుచున్నను, ఆ విజ్ఞప్తియొక్క ద్వితీయపుటను నీవు గాని…” అని మొదలిడునంతలో వాడు పెనముకడకు పోయి, అట్టు తిరుగవేసి, ప్లేటు తెచ్చి ముందు పెట్టెను. గోడగడియారము ఒంటిగంట చూపుచుండెను. “టైమైపోయిందిరా,” అంటిని. “చట్టంలో పావుగంట ఉందంటగా మాస్టారూ, మీరే చెప్పారు!” అనెను వాడు. బడిలో చెప్పిన సంధి యొక్కటియు గుర్తులేనివానికి, మాటవరుసకు చెప్పిన మినహాయింపు మాత్రము అక్షరము పొల్లుపోకుండ గుర్తున్నది.

అట్టు త్రుంచితిని. పావుగంటలో సత్యము చెప్పుటకు నా వాక్యము చాలదు. తినుటకు పావుగంట చాలును. తలయెత్తి, “అల్లప్పచ్చడి ఇంకాస్త వెయ్యరా,” అంటిని.

వాడు గరిటె పట్టుకొని, నేనింకేమైనను చెప్పుదునేమోనని నిలుచుండెను.