దిండు వెనకాల ఏముందో చూశావా?

ఈమధ్య కుర్రాళ్లకు పాత కార్ల పిచ్చి పట్టింది. పట్టనివ్వండి, సంతోషమే. ఇక్కడ డెట్రాయిట్ పక్కన మాకు తెలిసినవాళ్లబ్బాయి ఒకడు 1970 నాటి ఎమ్‌జీబీ రోడ్‌స్టర్ కొన్నాడు. కొన్న వారానికే నాకు ఫోను. "అంకుల్, డాష్‌బోర్డు ఘోరంగా ఉంది, మార్చేస్తున్నా. ప్యానెల్ ఆర్డర్ పెట్టేశా." ఆర్డర్ ముందు, సలహా తర్వాత. ఇప్పటి పద్ధతి ఇదీ.

ఘోరంగా ఉందన్న మాట మాత్రం నిజం. ఇంగ్లండులోని అబింగ్డన్ ఫ్యాక్టరీలో 1962లో ఎమ్‌జీబీ మొదలైనప్పుడు దాని డాష్‌బోర్డు ఒట్టి రేకు. ముడతలు దేలిన నల్ల పెయింటు, గుండ్రటి స్మిత్స్ గేజీలు, టిక్కుమనే మీటలు, పక్కన గ్లవ్‌బాక్సు. అంతే. ఎంత ముచ్చటగా ఉండేదో! 1968లో అమెరికా భద్రతా నిబంధనలు వచ్చిపడ్డాయి. తల కొట్టుకుంటే పగలకూడదని లావుపాటి నురుగు మెత్త వేసి నల్ల వినైల్ కప్పారు. గ్లవ్‌బాక్సు ఎగిరిపోయింది. ఆ మెత్తకు జనం పెట్టిన పేరు 'అబింగ్డన్ దిండు'. ఆ ఏళ్లలో ఇంగ్లండులో అమ్మిన బళ్లకు మాత్రం రేకే ఉంచారు. వాళ్ల తలకాయలు గట్టివి కాబోలు.

లాయరు రాల్ఫ్ నేడర్ 1965లో పుస్తకం రాసి కార్ల కంపెనీలను కడిగేశాక, మరుసటి ఏడాదే అధ్యక్షుడు జాన్సన్ ఆ నిబంధనలకు మూలమైన వాహన భద్రతా చట్టం మీద సంతకం పెట్టాడు. ఆ దెబ్బతో ఎందరి ప్రాణాలు నిలిచాయో, కాదనను. కానీ ప్రాణం కాపాడే వస్తువు అంత అనాకారిగా ఉండాలని ఆ చట్టంలో ఎక్కడుంది?

మా రోజుల్లో కూడా ఆ దిండును తిట్టుకున్నవాళ్లమే. ఎండకు అది చెరువు మట్టిలా బీటలు వారేది. అయితే తిట్టుకున్నాక శనివారం జంక్‌యార్డుకు పోయేవాళ్లం. తుక్కుకింద పడున్న పాత బండి దొరికితే దాని కింద వెల్లకిలా పడుకుని, నట్టు నట్టూ విప్పి రేకు డాష్ తెచ్చుకునేవాళ్లం. అదెక్కడ సరిగ్గా కూర్చుంటుంది! 1968 తర్వాత అమెరికా బళ్లకు, గుద్దుకున్నప్పుడు డ్రైవరు గుండెల్లోకి దూసుకురాకుండా లోపలికి కుదించుకుపోయే స్టీరింగు కాలమ్ పెట్టారు. పాత డాష్ బ్రాకెట్టుకు అది పొంతన కాదు. కొలిచి, కోసి, వెల్డింగు పెట్టించాల్సిందే. పాత బళ్లకు పాజిటివ్ ఎర్త్, 1968 తర్వాతివాటికి నెగటివ్. పాతవాటి టాకోమీటరు తెచ్చి తర్వాతి బండికి తగిలిస్తే, లోపలి తీగలు మార్చేదాకా ముల్లు సరిగ్గా కదలదు. ఇక ఆయిలూ నీళ్లూ రెండూ చూపించే జంట గేజీ ఉందే, దాని వెనకనుంచి సన్నటి గొట్టం ఇంజను దాకా పోతుంది. లోపల ఈథర్. ఒక్కచోట మడత పడి చిట్లిందా, గేజీ చచ్చినట్టే. దాన్ని బయటికి తీసేటప్పుడు ఊపిరి బిగబట్టేవాళ్లం.

అందుకే ముందు డాష్ వెనకాల చూడమనేది. గోధుమరంగు తీగ బ్యాటరీనుంచి నేరుగా వస్తుంది, దానికి ఫ్యూజు లేదు, జాగ్రత్త. తెల్లది తాళం తిప్పితేనే. ఆకుపచ్చది తాళమూ ఫ్యూజూ రెండూ దాటొచ్చింది. నల్లది ఎర్త్. ఈ నాలుగూ కళ్లు మూసుకుని చెప్పగలిగేదాకా స్క్రూడ్రైవరు పట్టుకోకూడదు. మావాడిని అడిగితే "ఫొటో తీసుకున్నా అంకుల్" అన్నాడు. ఫొటోలో తీగ ఎటు పోతోందో తెలుస్తుంది, ఎందుకు పోతోందో తెలుస్తుందా? పైగా వెనకటి ఓనరెవరో హారన్‌కీ రేడియోకీ ఒకే ఎర్రతీగ వాడేశాడు. ఫ్యాక్టరీ లెక్కలో ఎర్రది సైడ్‌లైట్లది.

బ్యాటరీ విప్పావా అంటే బానెట్ ఎత్తి వెతుకుతున్నాడు. ఆ కాలం ఎమ్‌జీబీలో అవి సీట్ల వెనకాల, నేల కింద ఉంటాయి నాయనా. ఒకటి కాదు, ఆరు వోల్టులవి రెండు.

ఇంతకీ ప్యానెల్ వచ్చింది. వాల్‌నట్ కర్ర అన్నాడు. గోటితో గీకి చూస్తే కర్ర బొమ్మ అచ్చువేసిన ప్లాస్టిక్. అసలు ఎమ్‌జీబీకి ఫ్యాక్టరీ ఏనాడూ కర్ర డాష్ ఇవ్వలేదు. 1990లలో అదే ఆకారాన్ని సాగదీసి ఆర్‌వీ8 అని తీసినప్పుడు దానికి ఎల్మ్ చెక్క తాపడం చేశారు. ఆ బళ్లలోనూ చాలామటుకు జపాన్‌కు తరలిపోయాయి. లేని సంప్రదాయాన్ని స్టిక్కరుతో అంటించడం ఏం షోకో!

అయినా వాడిననేం లాభం? వాడు రోజూ ఆఫీసుకు నడిపే కొత్త కారులో డాష్‌బోర్డే లేదు, మధ్యలో ఒక టీవీ నిలబెట్టారు. ఏసీ గాలి పక్కకు తిప్పాలన్నా దానిమీద వేలితో రాయాలి. మా రోజుల్లో చెయ్యే వెతుక్కుని మీట నొక్కేది, కళ్లు రోడ్డు మీదే ఉండేవి. ఇప్పుడు యూరప్‌లో కార్ల భద్రతకు చుక్కలిచ్చే ఎన్‌క్యాప్ వాళ్లు 2026నుంచి వైపర్లకీ ఇండికేటర్లకీ హారన్‌కీ అసలుసిసలు మీటలుంటేనే మార్కులు పూర్తిగా వేస్తామంటున్నారు. ఈ మాట మేం ఎప్పట్నుంచో గొణుగుతూనే ఉన్నాం, ఒక్కడు విన్నాడా?

ఆ స్టిక్కరు ప్యానెల్ వెనక్కి పంపించేశాను. దిండు ఉండనీ, బీటలమీద తొడుగు వేద్దాం, ముందు తీగలు సరిచేద్దాం అన్నాను. ఒప్పుకున్నాడు. గొణిగాడనుకోండి, ఆ వయసులో గొణగడమేమిటో. వెళ్తూ వెళ్తూ అడిగాడు: "ఇందులో కాఫీ కప్పు ఎక్కడ పెట్టాలి అంకుల్?"

ఇంట్లోనే తాగి బయల్దేరమన్నాను.